కణాలు ఇవాళ ఏం చెబుతున్నాయి? జన్యు వ్యక్తీకరణ పరీక్షలపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

జన్యువుల పనితీరును కొలిచి రోగాన్ని గుర్తించే పరీక్షల గురించి రెండు నెలల క్రితం ఈ శీర్షికలో క్లుప్తంగా రాశాను. దానికి వరంగల్, హనుమకొండలతో పాటు గోదావరిఖని, ములుగు, ఉట్నూరు వంటి చోట్ల నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్ని కుతూహలంతో అడిగినవి, కొన్ని ఇంట్లో రోగిని పెట్టుకొని ఆదుర్దాతో అడిగినవి. రెండో రకం ప్రశ్నలకే ఈసారి ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: ఒంట్లోని కణాలన్నిటిలోనూ ఒకే డీఎన్‌ఏ ఉంటుందని మాకు పాఠం చెప్పారు. అలాంటప్పుడు జన్యువులను చూసి జబ్బును ఎలా గుర్తిస్తారు?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

మీకు చెప్పిన పాఠం సరైనదే. కాలేయంలోని కణానికీ, చర్మంలోని కణానికీ ఉన్న డీఎన్‌ఏ ఒకటే. ప్రోటీన్లను తయారుచేయించే జన్యువులు మనిషిలో సుమారు 20,000 ఉన్నాయి. అయితే ఏ కణమూ వాటన్నిటినీ ఒకేసారి వాడుకోదు. అల్బుమిన్ జన్యువు కాలేయంలో జోరుగా పనిచేస్తుంది, ఇన్సులిన్ జన్యువు క్లోమంలోని కొన్ని కణాల్లో మాత్రమే పనిచేస్తుంది. పనిచేసే ప్రతి జన్యువు నుంచీ సందేశ ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది, ఆ నకలును బట్టి ప్రోటీన్ తయారవుతుంది. ఏ జన్యువు నుంచి ఎన్ని నకళ్లు వచ్చాయన్నదాన్నే జన్యు వ్యక్తీకరణ అంటాం. డీఎన్‌ఏలోని అక్షరాలు పుట్టినప్పటి నుంచి దాదాపు మారవు. నకళ్ల లెక్క మాత్రం గంటగంటకూ మారుతుంది. ఒంట్లోకి సూక్ష్మజీవి చొరబడిన కొన్ని గంటల్లోనే తెల్ల రక్తకణాల్లో వందలాది జన్యువుల జోరు మారిపోతుంది. రోగాన్ని పట్టుకోవడానికి పనికొచ్చేది ఈ మార్పే.

ఒక్క జన్యువును కొలిస్తే చాలదా అని మీరు అడగవచ్చు. చాలా సందర్భాల్లో చాలదు. జ్వరం ఏ కారణంగా వచ్చినా పెరిగే జన్యువులు అనేకం ఉన్నాయి. మన వరంగల్ కొత్తవాడలో జంపఖానా నేసేవారు ఒక్క పోగు రంగు చూసి అది ఏ డిజైనో చెప్పలేరు. పోగుల వరుస కొంత కనిపిస్తేనే చెప్పగలరు. జన్యువుల విషయంలోనూ కొన్ని పెరగడం, కొన్ని తగ్గడం కలిసి ఏర్పడే సరళిని చూడాల్సిందే.

ఇలా అనేక జన్యువులను ఒకేసారి కొలిచే మైక్రోఅర్రే పద్ధతిని 1995లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఒక చిన్న మొక్కకు చెందిన 45 జన్యువులతో చేసి చూపించారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1999లో, అమెరికాలోనే మరో బృందం రక్త క్యాన్సర్ రోగుల ఎముక మజ్జ నమూనాలు 38 తీసుకొని, 50 జన్యువుల సరళిని బట్టి వాటిని లింఫోయిడ్, మైలోయిడ్ అనే రెండు రకాలుగా విడదీసింది. ఆ తర్వాత అంతకుముందు చూడని 34 నమూనాలపై దాన్ని పరీక్షించింది. వాటిలో 29 నమూనాల విషయంలో పద్ధతి గట్టిగా తీర్పు చెప్పింది, ఆ తీర్పులన్నీ సరైనవే. మిగిలిన ఐదింటి విషయంలో గట్టిగా చెప్పలేనని ఊరుకుంది. తెలియనిచోట తెలియదని ఊరుకోగల ఆ లక్షణం పరీక్షకు ఎంత అవసరమో కింది సమాధానాల్లో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా అక్కకు 56 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. గడ్డ రెండు సెంటీమీటర్ల లోపే ఉందని, చంకలోని గ్రంథులకు పాకలేదని చెప్పారు. కీమో ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 21 జన్యువుల పరీక్ష చేయించమన్నారు. లక్షల్లో ఖర్చు అవుతుందట. చేయించాలా?
– ఉపాధ్యాయురాలు, కాజీపేట

మీ అక్కగారి బయాప్సీ రిపోర్టులో మూడు విషయాలు ముందుగా చూడండి: ఈస్ట్రోజన్ రిసెప్టర్, ప్రొజెస్టిరాన్ రిసెప్టర్ (ఈ రెండూ హార్మోన్లను అందుకునే ప్రోటీన్లు), హెర్-2 (కణాల పెరుగుదలను ప్రేరేపించే ప్రోటీన్). ఈ పరీక్షను రూపొందించింది హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్‌గానూ, హెర్-2 నెగెటివ్‌గానూ ఉన్న గడ్డల కోసం. మూడూ నెగెటివ్ అయిన ట్రిపుల్ నెగెటివ్ క్యాన్సర్‌కు గానీ, హెర్-2 పాజిటివ్ క్యాన్సర్‌కు గానీ దీనితో పని లేదు. ఆ రోగులకు చికిత్స వేరే దారిలో నిర్ణయమవుతుంది, కాబట్టి వారి చేత ఇంత డబ్బు పెట్టించడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

హార్మోన్ పాజిటివ్, హెర్-2 నెగెటివ్ అయితే ఈ పరీక్ష నిజంగా ఉపయోగపడవచ్చు. ఆపరేషన్‌లో తీసిన గడ్డను మైనపు దిమ్మలో భద్రపరుస్తారు. దాన్నే ల్యాబులో బ్లాక్ అంటారు. అందులోంచి పలుచని పొరలు కోసి 21 జన్యువుల నకళ్లను కొలుస్తారు. క్యాన్సర్ తీరును తెలిపేవి వాటిలో 16 మాత్రమే. మిగతా ఐదూ కొలతను సరిచూసుకోవడానికి ఉంచిన ఆధార జన్యువులు. ఫలితం సున్నా నుంచి 100 వరకు ఉండే ఒక స్కోరుగా వస్తుంది. 10,273 మంది స్త్రీలపై జరిగిన టైలర్‌ఎక్స్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. చంక గ్రంథులకు పాకని దశలో ఉండి స్కోరు 11 నుంచి 25 మధ్య వచ్చినవారిలో హార్మోను మాత్రలు మాత్రమే వాడినవారికీ, వాటితో పాటు కీమో తీసుకున్నవారికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే 50 ఏళ్లలోపు వారిలో స్కోరు 16 లేదా అంతకు ఎక్కువ ఉంటే కీమో వల్ల కొంత మేలు కనిపించింది. మీ అక్కగారు 50 దాటినవారు కాబట్టి స్కోరు 25 లేదా అంతకు తక్కువ వస్తే కీమో లేకుండా గడిచిపోయే అవకాశం ఉంది. అంటే జుట్టు రాలడం, వాంతులు, తెల్ల రక్తకణాలు పడిపోయి ఇన్‌ఫెక్షన్ సోకే ప్రమాదం, వారాల తరబడి ఆసుపత్రి చుట్టూ తిరగడం, ఇవన్నీ తప్పుతాయి.

డబ్బు కట్టే ముందు మీ డాక్టర్‌గారిని ఒక్క మాట అడగండి: "స్కోరు తక్కువ వస్తే కీమో మానేస్తారా? ఎక్కువ వస్తే ఇస్తారా?" రెండింటికీ అవునంటే పరీక్షకు అర్థం ఉంది. స్కోరు ఎంత వచ్చినా కీమో ఇచ్చి తీరుతామనో, అక్కగారి గుండె పరిస్థితి దృష్ట్యా ఎలాగూ ఇవ్వలేమనో వారు చెబితే, ఆ డబ్బు మందులకు ఉంచుకోండి. రిపోర్టులోని గ్రేడు, గడ్డ పరిమాణం, కణాలు ఎంత జోరుగా విభజన చెందుతున్నాయో తెలిపే కేఐ-67 శాతం చూసి అనుభవమున్న డాక్టరు నిర్ణయం తీసుకోగల సందర్భాలు కూడా చాలా ఉంటాయి. మరో మాట: ఆ బ్లాక్ మీ అక్కగారిది. ఆపరేషన్ జరిగిన చోట దాన్ని అడిగి తీసుకొనే హక్కు మీకుంది. ఎండ తగలకుండా, వేడికి మైనం కరగకుండా భద్రపరచండి.

ప్రశ్న: తెమడ అవసరం లేకుండా వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో టీబీని కనిపెట్టే పరీక్ష వస్తోందని చదివాను. మా ఊళ్లలో చిన్నపిల్లలు తెమడ తీసి ఇవ్వలేరు. అది వస్తే సీబీనాట్ అవసరం ఉండదా?
– ఆశా కార్యకర్త, ములుగు జిల్లా

మీరు ఎత్తి చూపిన ఇబ్బంది సరైనది. తెల్లవారకముందే పిల్లవాడిని లేపి, దగ్గమని బతిమాలి, చివరికి డబ్బాలో ఉమ్మి మాత్రమే తెచ్చిన తల్లులను మీరు ఎంతోమందిని చూసి ఉంటారు. సీబీనాట్ యంత్రమైనా, గోవాలో తయారైన ట్రూనాట్ అయినా వెతికేది టీబీ క్రిమి డీఎన్‌ఏను. నమూనాలో క్రిమి లేకపోతే యంత్రం ఏమీ చేయలేదు.

మీరు చదివిన పరీక్ష క్రిమి జోలికి పోదు. క్రిమికి మన ఒళ్లు ఎలా స్పందిస్తోందో చూస్తుంది. టీబీ ఉన్నవారి రక్తంలో ఒక ప్రత్యేకమైన జన్యు సరళి ఉంటుందని, అందులో ఇంటర్‌ఫెరాన్ అనే రోగనిరోధక సందేశ పదార్థానికి స్పందించే జన్యువుల పాత్ర ప్రధానమని 2010లో లండన్, దక్షిణాఫ్రికా రోగులపై జరిగిన అధ్యయనం చూపింది. అప్పుడు లెక్కకు వచ్చినవి 393 రకాల నకళ్లు. అన్నిటిని కొలిచే యంత్రాన్ని మండల కేంద్రంలో పెట్టలేం. అందుకని పరిశోధకులు ఆ సంఖ్యను తగ్గిస్తూ వచ్చి, 2016లో మూడు జన్యువులకు కుదించారు. వాటి పేర్లు జీబీపీ5, డీయూఎస్‌పీ3, కేఎల్‌ఎఫ్2. టీబీలో మొదటి రెండూ పెరుగుతాయి, మూడోది తగ్గుతుంది. మొదటి రెండింటి సగటులోంచి మూడోదాన్ని తీసివేస్తే స్కోరు వస్తుంది. సీబీనాట్ యంత్రంలోనే పెట్టగలిగే కార్ట్రిడ్జ్‌గా దీన్ని తయారుచేసి, వేలి రక్తంతో గంటలోపు ఫలితం ఇచ్చేలా పలు దేశాల్లో పరీక్షిస్తూ వచ్చారు.

ఇక సీబీనాట్ అవసరం ఉండదా అన్న ప్రశ్నకు వస్తే, నా సమాధానం ఉంటుందనే. దీనికి మూడు కారణాలు చెబుతాను. ఇంటర్‌ఫెరాన్ జన్యువులు టీబీలోనే కాదు, వైరస్ జ్వరాల్లోనూ పెరుగుతాయి. వానాకాలం డెంగీ, ఫ్లూ జ్వరాలు ముసురుకున్న నెలల్లో మన దగ్గర ఈ పరీక్ష ఎంతమందిని అనవసరంగా టీబీ అనుమానితుల జాబితాలో చేరుస్తుందో ఇక్కడి రోగులపైనే చూడాలి, లండన్ లెక్కలు మనకు సరిపోవు. రెండోది, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకు క్రిమి లొంగుతుందో లేదో ఒంటి స్పందన చెప్పలేదు, సీబీనాట్ చెబుతుంది. మూడోది, ఈ పరీక్షను మొదటి వడపోతగానే ఊహించారు. అలాంటి వడపోత పరీక్ష టీబీ ఉన్న నూరుమందిలో కనీసం 90 మందిని పట్టుకోవాలని, టీబీ లేని నూరుమందిలో కనీసం 70 మందిని లేదని చెప్పగలగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. అంటే ఆ గీతను సరిగ్గా అందుకున్న పరీక్ష కూడా టీబీ లేని నూరుమందిలో 30 మందిని అనుమానించవచ్చు. వారికి ఆపై పరీక్ష చేయకుండా మందులు మొదలుపెట్టకూడదు.

జబ్బు రాకముందే రక్తం చూసి చెప్పవచ్చునన్న ఆశ కూడా ఒకటి ఉంది. 2016లో దక్షిణాఫ్రికా కౌమారుల్లో 16 జన్యువుల సరళి, ఏడాదిలోపు టీబీ బయటపడబోయే వారిలో సుమారు 66 శాతం మందిని ముందే గుర్తించింది. ఆ తర్వాత దాన్ని 11 జన్యువులకు కుదించి, స్కోరు ఎక్కువ ఉన్నవారికి ముందస్తు మందులు ఇచ్చి చూశారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఆ మందుల వల్ల టీబీ బయటపడేవారి సంఖ్య తగ్గలేదు. ముందే తెలుసుకోవడం వేరు, తెలుసుకున్నదానితో రోగికి మేలు చేయడం వేరు.

ప్రస్తుతానికి మీ పిల్లల విషయంలో చేయదగింది ఒకటుంది. సీబీనాట్‌కు తెమడే కావాలని లేదు. పరగడుపున కడుపులోంచి తీసిన ద్రవాన్ని వాడవచ్చు. పిల్లల మలాన్ని వాడటాన్ని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది. మీ టీబీ సూపర్‌వైజర్‌ను ఈ సౌకర్యం ఎక్కడ ఉందో అడిగి పట్టుబట్టండి.

ప్రశ్న: మా ఆశ్రమ పాఠశాలలో సికిల్ సెల్ పరీక్షలు చేసి కార్డులు ఇచ్చారు. అది కూడా జన్యు వ్యక్తీకరణ పరీక్షేనా?
– ఉపాధ్యాయుడు, ఉట్నూరు

కాదు. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బు జన్యువు రాతలోనే ఉన్న తేడా వల్ల వస్తుంది. హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలిన్ చేరుతుంది. ఆ తేడా పుట్టుకతో వచ్చి జీవితాంతం ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి హీమోగ్లోబిన్ రకాన్ని చూసే సాల్యుబిలిటీ పరీక్ష, ఎలక్ట్రోఫోరెసిస్, హెచ్‌పీఎల్‌సీ సరిపోతాయి. జన్యువు జోరును కొలవాల్సిన పని లేదు.

అయినా మీ ప్రశ్న నాకు నచ్చింది, ఎందుకంటే ఈ జబ్బు తీవ్రతను నిర్ణయించడంలో వ్యక్తీకరణకు పెద్ద పాత్ర ఉంది. గర్భంలో ఉన్న శిశువులో, బీటా గొలుసుకు బదులు వేరే గొలుసును తయారుచేయించే గామా గ్లోబిన్ జన్యువు పనిచేస్తుంది, పుట్టాక నెలల వ్యవధిలో అది సద్దుమణిగి బీటా జన్యువు అందుకుంటుంది. సికిల్ సెల్ ఉన్న బిడ్డ మొదటి కొన్ని నెలలూ ఏ బాధా లేకుండా ఉండి, ఆ తర్వాత చేతివేళ్లు, పాదాలు వాచి ఏడవడం మొదలుపెట్టడానికి కారణం ఇదే. హైడ్రాక్సీయూరియా గుళికలు ఆ గామా జన్యువును కొంత తిరిగి మేల్కొలుపుతాయి. గామాను అణచిపెట్టే బీసీఎల్11ఏ అనే జన్యువు జోరును రక్త మూలకణాల్లో తగ్గించే జన్యు సవరణ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్ తొలిసారిగా అనుమతి ఇచ్చింది. అది మన గోండు, కొలాము పిల్లలకు అందేంత ధరలో లేదు. గుళికలు మాత్రం ఉన్నాయి. కార్డులో జబ్బు ఉన్నట్టు రాసిన పిల్లలు వాటిని క్రమం తప్పకుండా వాడుతున్నారో లేదో మీరు కనిపెట్టి ఉండండి. వాహకులని, అంటే తేడా ఉన్న జన్యువు ఒక్కటే ఉండి జబ్బు లేనివారని, రాసిన పిల్లలకు ఆ గుళికలు అవసరం లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి క్రానిక్ మైలోయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్. మూడు నెలలకోసారి బీసీఆర్-ఏబీఎల్ పరీక్షకు రక్తం హైదరాబాద్ పంపుతాం. కిందటిసారి 0.08 శాతం, ఈసారి మరో ల్యాబులో 0.2 శాతం వచ్చింది. భయపడాలా?
– సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని

జన్యు వ్యక్తీకరణ పరీక్ష అంటే ఎక్కడో విదేశాల్లో ఉండేదని చాలామంది అనుకుంటారు. మీ నాన్నగారు ఏళ్లుగా చేయించుకుంటున్నది అదే. రెండు క్రోమోజోముల ముక్కలు అతుక్కొని పుట్టిన బీసీఆర్-ఏబీఎల్ జన్యువు ఎన్ని నకళ్లు తీస్తోందో కొలిచి, ఒక మామూలు జన్యువు నకళ్లతో పోల్చి శాతంగా చెబుతారు. కోవిడ్ రోజుల్లో అందరికీ పరిచయమైన ఆర్‌టీ-పీసీఆర్ పద్ధతే ఇక్కడా వాడతారు. 0.1 శాతం లేదా అంతకు తక్కువ ఉంటే వ్యాధి బాగా అదుపులో ఉన్నట్టు.

0.08 నుంచి 0.2కు పెరిగిందని ఒక్క రిపోర్టుతో నిర్ధారించలేం. ల్యాబు మారింది. వేర్వేరు ల్యాబుల అంకెలను పోల్చడానికి వీలు కల్పించే అంతర్జాతీయ స్కేలు ప్రకారం ఇచ్చారా అని రెండు రిపోర్టుల్లోనూ చూడండి. ఊదారంగు మూత ట్యూబులో తీసిన రక్తం ఎండలో బస్సులో రెండు రోజులు ప్రయాణిస్తే ఆర్‌ఎన్‌ఏ చితికిపోయి లెక్క తేడా రావచ్చు. మీ డాక్టర్‌కు రెండు రిపోర్టులూ చూపించి, పాత ల్యాబులోనే పరీక్ష మళ్లీ చేయించండి. అంతకన్నా ముఖ్యంగా, మధ్యలో ఈ జబ్బుకు వాడే ఇమాటినిబ్ మాత్రలు కొన్ని రోజులు మానేశారేమో నాన్నగారిని నెమ్మదిగా అడగండి. ఈ శాతం పెరగడానికి తరచుగా కనిపించే కారణాల్లో అది ఒకటి. బాగానే ఉన్నాననుకొని ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపినవారిని నేను చూశాను.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. అందరికీ అందుబాటులో ఉన్న జీఈఓ నిధి నుంచి జన్యు వ్యక్తీకరణ సమాచారం దింపుకొని ఒక ప్రోగ్రాం రాశాను. 60 మంది నమూనాల్లో రోగులనూ ఆరోగ్యవంతులనూ 98 శాతం సరిగ్గా విడదీస్తోంది. దీన్ని పరీక్షగా తేవచ్చా?
– వరంగల్

మీ ఉత్సాహం సంతోషం కలిగించింది. అయితే 98 అన్న అంకెను చూసి ముందుకు పోకండి. జన్యువులు 20,000, మనుషులు 60. ఇరవైలో ఒకటి యాదృచ్ఛికంగా తేడా చూపినా వెయ్యి జన్యువులు ఏ సంబంధమూ లేకుండానే రోగానికి గుర్తులుగా కనిపిస్తాయి. వాటిలోంచి మంచివి ఏరి, అదే 60 మందిపై పరీక్షించి చూస్తే మీకు 98 కాదు, నూటికి నూరు కూడా వస్తుంది.

దానికన్నా గుట్టుగా మోసగించేది మరొకటి ఉంది. రోగుల నమూనాలను ఒక నెలలో ఒక యంత్రంపై, ఆరోగ్యవంతులవి మరో నెలలో మరో యంత్రంపై కొలిచారా అన్నది చూడండి. మన ఏనుమాముల మార్కెట్ యార్డులో ఒక రైతు తేజ మిర్చిని రేకుల షెడ్డు కింద, మరో రైతుదాన్ని ఎండలో పోసి రంగు పోల్చితే, కనిపించే తేడా వెలుగుది అవుతుంది, మిర్చిది కాదు. మీ ప్రోగ్రాం జబ్బును గుర్తుపట్టిందో, యంత్రాన్ని గుర్తుపట్టిందో తెలుసుకోవాలంటే, వేరే ఊరిలో, వేరే ల్యాబులో కొలిచిన, మీరు ఇంతవరకు ముట్టుకోని నమూనాలపై పెట్టి చూడాలి. మధ్యలో సూత్రంలో ఒక్క అంకె కూడా మార్చకూడదు. 2012లో అమెరికాకు చెందిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన నివేదిక ఈ షరతును స్పష్టంగా పెట్టింది.

ఆ నివేదిక రావడానికి వెనుక బాధాకరమైన ఉదంతం ఉంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 2006లో వెలువడిన పరిశోధన, కణితి జన్యు సరళిని బట్టి ఏ కీమో మందు పనిచేస్తుందో చెప్పగలమని ప్రకటించింది. బాగర్లీ, కూంబ్స్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు ఆ లెక్కలను తిరగదోడితే, జన్యువుల జాబితా ఒక వరుస కిందికి జరిగిపోయి, ఒక జన్యువు అంకె పక్కన మరో జన్యువు పేరు ఉన్నట్టు తేలింది. ఆ లోపాలు బయటపడేలోపే ఆ పద్ధతిని బట్టి నిజమైన రోగులకు చికిత్స నిర్ణయించే ప్రయోగాలు మొదలయ్యాయి. చివరికి ఆ ప్రయోగాలను ఆపేశారు, పత్రాలను ఉపసంహరించారు. ఎక్సెల్ షీటులో ఒక్క గడి జరగడం ఎంత దూరం పోతుందో చూడండి. మార్చ్1, సెప్ట్1 వంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని, 2020లో ఆ జన్యువులకు పేర్లే మార్చాల్సి వచ్చింది. మీ ఫైళ్లలో కూడా ఈ పొరపాటు ఉందేమో ఇవాళే వెతకండి.

ప్రశ్న: ఇంటికి వచ్చి రక్తం తీసుకొని, జన్యు పరీక్షతో భవిష్యత్తులో రాబోయే జబ్బులన్నీ చెబుతామంటున్నారు. నమ్మవచ్చా?
– వ్యాపారి, జగిత్యాల

జన్యు వ్యక్తీకరణ ఇవాళ్టి స్థితిని చూపుతుంది. పదేళ్ల తర్వాత రాబోయే జబ్బులన్నిటినీ ఒక్క రక్తపు చుక్కలో చూపే పరీక్ష ఏదీ లేదు. ఏ జబ్బు, ఏ వయసువారికి, ఫలితం వస్తే ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వమనండి. ఇవ్వకపోతే డబ్బు ఇవ్వకండి.

ప్రశ్న: చిన్న నర్సింగ్ హోంలలో ఆపరేషన్ చేసి తీసిన గడ్డను ఎలా పంపితే ఇలాంటి పరీక్షలకు పనికొస్తుంది?
– ల్యాబ్ టెక్నీషియన్, జనగామ

అన్ని ప్రశ్నల్లోనూ ఎవరూ అడగరనుకున్న ప్రశ్న ఇది. కొన్నేళ్ల క్రితం ఒక ఊరి నుంచి రొమ్ము గడ్డ ఉప్పునీటి సీసాలో, రోగి భర్త చేతి సంచిలో, ఆపరేషన్ అయిన మర్నాడు మా దగ్గరకు వచ్చింది. మూత తీయగానే వాసన. కణాల ఆకారమే సరిగ్గా తెలియలేదు, ఇక ఆర్‌ఎన్‌ఏ ఎక్కడిది? ఆ మనిషి తెల్లవారుజామున బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చాడు. ఆయన చేసిన తప్పు ఏమీ లేదు, ఆయనకు చెప్పినవారు లేరు.

కణజాలం ఒంటి నుంచి వేరైన క్షణం నుంచే ఆర్‌ఎన్‌ఏ చితకడం మొదలవుతుంది. దాన్ని కత్తిరించే ఎంజైములు మన చేతివేళ్ల మీద కూడా ఉంటాయి, కాబట్టి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. గడ్డను ఒక గంటలోపు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయండి. ఫార్మలిన్ గడ్డ పరిమాణానికి పది రెట్లు ఉండాలి. పెద్ద గడ్డ అయితే ద్రవం లోపలికి ఇంకేలా సర్జన్ గానీ పాథాలజిస్టు గానీ సెంటీమీటరు దళసరిలో కోత పెట్టాలి. ఫార్మలిన్‌లో ఆరు గంటలకు తక్కువ గానీ, 72 గంటలకు ఎక్కువ గానీ ఉంచకూడదు. ఇరుకు మూతి సీసాలో గడ్డను కుక్కకండి, గట్టిపడ్డాక బయటికి రాదు. సీసా మూత మీద కాకుండా సీసా పక్కన రోగి పేరు, వయసు, ఏ వైపు రొమ్ము అన్నది రాయండి. దాని కిందే గడ్డను ఒంటి నుంచి తీసిన సమయం ఒక వరుసలో, ఫార్మలిన్‌లో వేసిన సమయం మరో వరుసలో రాయండి.